తలుపులకు డంపింగ్ షీట్ వేయించాలా, ముందుగా యాంప్లిఫయర్ పెట్టించాలా?

ప్రశ్న – గుంటూరు ప్రయాణికుడు

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను ప్రతిరోజూ గుంటూరు నుంచి విజయవాడకు నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో వెళ్లి వస్తుంటాను. కాజ టోల్ ప్లాజా దాటి వేగం 80కి చేరేసరికి టైర్ల రొద, పక్కనే పోయే లారీల హోరు కలిసి పాటలో సాహిత్యం చెవికెక్కడం లేదు. గత నెల ముందు తలుపుల్లో కారుతో వచ్చిన స్పీకర్లు తీయించి 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (మంద్రానికి, సన్నటి స్వరాలకు విడివిడిగా ఉండేవి) పెట్టించాను. గాత్రం తేటపడింది గాని, మృదంగం, డప్పు మునుపటికంటే పలచబడ్డాయి. కాస్త శబ్దం పెంచితే తలుపులోంచి గరగరమని చప్పుడు కూడా వస్తోంది. ఆటోనగర్‌లో ఒకరు నాలుగు తలుపులకూ రేకు అదురును అణిచే తారు షీట్లు (డంపింగ్ షీట్లు) అంటిస్తే అన్నీ పోతాయంటున్నారు. మరొకరు యాంప్లిఫయర్ లేనిదే ఏం చేసినా దండగ అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు 1 – బెజవాడ శ్రోత

రోడ్డు రొద, పలచబడ్డ మృదంగం రెండూ వేరు వేరు సమస్యలండి. వాటిని ఒకే షీటుతో పోగొడతామనే దుకాణదారు మాటను కాస్త అనుమానించాల్సిందే.

ముందుగా పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తీగలు తారుమారైతే, ఒక కోన్ (స్పీకరులో కదిలే పొర) ముందుకు వచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది, దాంతో మంద్రస్వరాలు (బేస్) ఒకదానినొకటి చంపుకుంటాయి. స్టీరియోలో బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు బేస్ పెరిగి, మధ్యకు తెచ్చినప్పుడు తగ్గితే తప్పు అక్కడే ఉన్నట్టు.

తీగలు సరిగ్గానే ఉంటే అప్పుడు తలుపు సంగతి చూడాలి. ఇంట్లో స్పీకరుకు చెక్కపెట్టె ఉంటుంది, కారులో తలుపే ఆ పెట్టె. కానీ దాని లోపలి రేకుకు చేయి దూరేంత కంతలుంటాయి. కోన్ వెనకవైపు పుట్టిన తరంగం వాటిగుండా బయటికి వచ్చి ముందు తరంగాన్ని మింగేస్తుంది. కనుక లోపలి రేకు కంతలన్నీ మూయించడమే అసలు పని. బయటి రేకుకు మాత్రం అంతా కప్పనక్కరలేదు. మూడో వంతు మేర, స్పీకరు వెనకభాగంతో మొదలుపెట్టి, అల్యూమినియం పొర ఉన్న 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ రబ్బరు షీటును రోలరుతో గట్టిగా నొక్కి అంటిస్తే చాలు. రేకును వేలి కణుపుతో తట్టినప్పుడు ఖంగుమనడం మాని దబ్బుమంటే పని కుదిరినట్టే. తారు షీటు జోలికి మాత్రం పోకండి. మన ఎండల్లో నిలబెట్టిన కారు రేకు ఎంత కాలుతుందో మీకు తెలియనిది కాదు. తారు మెత్తబడి, నిలువు రేకు మీంచి జారి, వారాల తరబడి కారంతా కంపు కొడుతుంది.

ఇక రోడ్డు రొద ఎక్కువగా వచ్చేది నేలనుంచి, చక్రాల పైనుండే రేకునుంచి. తలుపుల వాటా అందులో కొంతే. తలుపుకూ దాని చట్రానికీ మధ్య ఒక పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూడండి. అది సులువుగా జారి వస్తే రబ్బరు బీడింగ్ మార్పించడం షీట్లకంటే చవక.

జవాబు 2 – వాట్ల లెక్క

పై జవాబు సబబే గాని, యాంప్లిఫయర్‌ను అంత పక్కన పెట్టనక్కరలేదు. డబ్బామీద 50 వాట్లని రాసి ఉన్నా, కారు విద్యుత్తుతో నేరుగా నడిచే స్టీరియో 4 ఓముల స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగేది ఛానల్‌కు 20 వాట్ల చుట్టుపక్కలే. అయితే శక్తి రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే కాబట్టి, దానివల్ల శబ్దం అమాంతం పెరుగుతుందని ఆశపడకండి. హైవే మీద పెంచి విన్నప్పుడు పాట చిట్లకుండా ఉంటుంది, అంతే. పెట్టిస్తే తీగను నేరుగా బ్యాటరీ నుంచి తీసుకొని, దానికి అతి దగ్గరలోనే ఫ్యూజు వేయించండి. ఆ ఫ్యూజు స్పీకర్ల కోసం కాదు, తీగ ఒరుసుకుపోయి రేకుకు తగిలితే మంట లేవకుండా ఉండడానికి.

జవాబు 3 – ఒకసారి మునిగినవాడు

నా అనుభవం చెబుతాను. అద్దం బీడింగ్ దాటి వాననీరు తలుపులోకి దిగడం మామూలే. అడుగున ఉండే సన్నటి రంధ్రాల గుండా అది బయటికి పోతుంది. నా కారుకు షీటు వేసిన కుర్రాడు ఉత్సాహంతో వాటినీ మూసేశాడు. వానలు మొదలయ్యాక తలుపు తీస్తే బిందె కదిలినట్టు గుడగుడమనేది. స్పీకరు కింద పెట్టిన ఎండీఎఫ్ చెక్క రింగు నాని ఉబ్బిపోయింది. మీరు ప్లాస్టిక్ రింగే అడగండి, ట్రిమ్ (తలుపు లోపలి పలక) బిగించకముందే, దేనికీ తగలడం లేదని అద్దం పూర్తిగా దించి చూపించమనండి. కొన్ని కార్లలో ప్రమాదాన్ని పసిగట్టే ప్రెషర్ సెన్సారు తలుపులోనే ఉంటుంది. అటువంటిదైతే సర్వీస్ సెంటరును అడగకుండా కంతలు మూయించవద్దు.

ప్రశ్న అడిగినవారు – గుంటూరు ప్రయాణికుడు

అందరికీ ధన్యవాదాలు. ఎడమ తలుపులో తీగలు నిజంగానే తారుమారయ్యాయి. సరిచేయించగానే సగం బేస్ తిరిగివచ్చింది. నా కారు తలుపుల్లో సెన్సారు లేదని నిర్ధారించుకొని, ముందు తలుపులు రెంటికి మాత్రం బ్యూటైల్ వేయించాను. గరగర చప్పుడు లాక్ రాడ్‌దట, దానికి ఫోమ్ చుట్టారు. డప్పు ఇప్పుడు డప్పులా ఉంది. టైర్ల రొద మాత్రం మీరన్నట్టే దాదాపు అలాగే ఉంది. నోటు పరీక్షలో వెనక కుడి తలుపు తప్పింది, రేపు బీడింగ్ కోసం వెళ్తున్నాను.