గర్భిణులందరికీ మైక్రోడిలీషన్ పరీక్ష చేయించాలా?

ఉప్పల్ అమ్మ:

మా ఆడపడుచుకి ఇప్పుడు 11వ వారం. డౌన్ సిండ్రోమ్ ఉందేమో చూడటానికి తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ రాశారు. ల్యాబ్ వాళ్లేమో ఇంకాస్త డబ్బు కడితే మైక్రోడిలీషన్లు కూడా చూస్తామన్నారట. అంటే క్రోమోజోములో చిన్న ముక్క ఏదైనా ఎగిరిపోయిందా అని చూడటం. ఇంట్లో అందరూ అనవసరం అంటున్నారు. చేయించమంటున్నది నేనొక్కదాన్నే.

మా బాబుకి ఏడేళ్లు. పుట్టిన తొమ్మిదో రోజు ఫిట్స్ వచ్చాయి. అంతకుముందు నుంచే పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసినా అంతే. పొలమారిందనుకుని మా అత్తగారు మాడు మీద తట్టేవారు. ఆసుపత్రిలో ఫిట్స్ మందు రాసి పంపేశారు. రక్తంలో కాల్షియం బాగా తక్కువ ఉందని రెండోసారి ఫిట్స్ వచ్చాకే తెలిసింది. గుండెలో రంధ్రం ఉందని మూడో నెలలో చెప్పారు. మాట ముక్కుతో వస్తోందని మూడో ఏట పట్టుకున్నారు. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, ఒక్కో ఫైలు. అన్నిటికీ కారణం ఒకటేనని, 22వ క్రోమోజోములో ఒక ముక్క లేదని ఐదో ఏట జెనెటిక్స్ డాక్టరు చెప్పారు. 22క్యూ11.2 డిలీషన్ అంటారు. పాత పేరు డైజార్జ్ సిండ్రోమ్.

ముందే తెలిస్తే పుట్టిన రోజే కాల్షియం చూసేవారు, ఆ ఫిట్స్ రానిచ్చేవారు కాదు. గుండె ఆపరేషన్లు చేసే చోటే కాన్పు పెట్టుకునేవాళ్లం. లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి, వేసేముందు రోగనిరోధక శక్తి ఎలా ఉందో చూసేవారు. ఇంకో మాట. మాది మేనరికం. ఐదేళ్లూ ఆ మాట పడ్డాను. తీరా మా ఇద్దరి రక్తం పరీక్షిస్తే ఎవరికీ ఆ లోపం లేదు. బాబుకి కొత్తగా వచ్చింది. ఇంకో తల్లి ఇలా తిరగకూడదనే నా బాధ.

గుంటూరు అమ్మాయి, న్యూజెర్సీ:

అక్కా, బాబు గురించి చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అందరికీ చేయించాలంటే ఒప్పుకోలేను. నా రెండో ప్రెగ్నెన్సీలో ఐదు మైక్రోడిలీషన్ల ప్యానెల్ చేశారు. అందులో ఏమేం ఉన్నాయో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 12వ వారంలో ‘1పీ36 డిలీషన్, హై రిస్క్’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అంటే 1వ క్రోమోజోము చివర ముక్క లేదేమోనని. శుక్రవారం సాయంత్రం. సోమవారం దాకా మాట్లాడటానికి మనిషి లేడు. ఆ మూడు రాత్రులూ ఇంటర్నెట్‌లో పిల్లల ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. గుంటూరులో అమ్మ వీడియో కాల్‌లో ఏమీ అనలేక ఊరికే ఏడ్చేది.

ఉమ్మనీరు తీసి పరీక్షించాలంటే 16వ వారం దాకా ఆగాలి. ఆ తర్వాత మైక్రోఅరే, అంటే క్రోమోజోముల్లో చిన్న ముక్కలు పోయాయా, ఎక్కువయ్యాయా అని చూసే పరీక్ష, దాని రిపోర్టుకి ఇంకో రెండు వారాలు. అంతా నార్మల్ అని వచ్చింది. పాపకిప్పుడు రెండేళ్లు. కానీ ఆ ఆరు వారాలు పొట్ట మీద చెయ్యి వేసుకోవడానికి భయపడ్డాను. కడుపులో ఉన్న బిడ్డకి దగ్గరవ్వకూడదని నన్ను నేనే ఆపుకున్నాను. ఆ టెన్షన్‌కి లెక్క ఎవరు కడతారు?

జెనెటిక్ కౌన్సెలర్, హైదరాబాద్:

ఇద్దరూ చెప్పినవి నేను పని చేసే గదిలో రోజూ వినేవే. ముందు మేనరికం సంగతి. దగ్గరి సంబంధాల్లో పెరిగే ప్రమాదం వేరు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపమున్న జన్యువు బిడ్డకి చేరితే వచ్చే జబ్బులవి. 22క్యూ అలా రాదు. ఆ చోట దాదాపు ఒకేలా ఉండే డీఎన్‌ఏ వరుసలు కొంచెం దూరదూరంగా ఉంటాయి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు ఆ వరుసల దగ్గర తప్పుగా జతపడితే, ఒకదాంట్లో మధ్య ముక్క పోతుంది, ఇంకోదాంట్లో అదే ముక్క రెండుసార్లు వస్తుంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఇలా కొత్తగానే వస్తుంది. ఇందులో తల్లి తిన్నదీ లేదు, చేసుకున్న సంబంధమూ లేదు.

ముక్క పోవడం, ముక్క ఎక్కువవడం రెండూ ఎలా పనిచేస్తాయో 7వ క్రోమోజోములో బాగా కనిపిస్తుంది. 7క్యూ11.23 దగ్గర పాతికకు పైగా జన్యువులున్న ముక్క పోతే విలియమ్స్ సిండ్రోమ్. రక్తనాళాలకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ జన్యువు అందులోదే. రెండు ఉండాల్సిన ఆ జన్యువు ఒక్కటే మిగలడంతో గుండె పైన పెద్ద రక్తనాళం ఇరుకవుతుంది. ఆ పిల్లలు కొత్తవాళ్లని చూస్తే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటారు. అదే ముక్క ఒకటి ఎక్కువైతే కొందరిలో ఆ రక్తనాళమే వెడల్పవుతుంది, మాట ఆలస్యమవుతుంది, కొత్తవాళ్లు ఎదురైతే బిగుసుకుపోతారు. అవే జన్యువులు, లెక్క మాత్రమే మారింది.

ఇక పరీక్ష. ఎన్‌ఐపీటీలో చూసే డీఎన్‌ఏ ఎక్కువగా మాయ నుంచి వచ్చేది. అది అనుమానం చెబుతుంది, నిర్ధారణ చెయ్యదు. 22క్యూ డిలీషన్ సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. లక్షమంది గర్భిణుల్లో 25 కేసులన్నమాట. పరీక్ష వాటిలో 20 పట్టుకుందనుకోండి, మిగతావాళ్లలో వెయ్యికి ఒకరి దగ్గర మాత్రమే పొరబడిందనుకోండి. చాలా మంచి పరీక్షే కదా. అయినా తప్పుడు హై రిస్క్‌లు 100 వస్తాయి. హై రిస్క్ రిపోర్టు అందుకున్న ఆరుగురిలో నిజంగా లోపం ఉన్నది ఒక్కరికే. జబ్బు అరుదయ్యేకొద్దీ ఈ లెక్క ఇంకా దిగజారుతుంది.

అమెరికాలో మందులు, వైద్య పరీక్షల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఏప్రిల్‌లో ఈ ఫలితాల్ని ఒంటరిగా నమ్ముకుని నిర్ణయాలు తీసుకోవద్దని హెచ్చరించింది. అదే ఏడాది అక్కడి వైద్య జన్యుశాస్త్ర సంస్థ ఏసీఎంజీ 22క్యూ ఒక్కదాన్ని అందరికీ చూడవచ్చని, మిగతా మైక్రోడిలీషన్లకి తగినన్ని ఆధారాలు లేవని చెప్పింది. నా అభిప్రాయమూ అదే.

ఖమ్మం లెక్చరర్:

నాది వేరే వైపు నుంచి. మా అమ్మాయికి మాటలు ఆలస్యమైతే మైక్రోఅరే చేశారు. 22క్యూ11.2 డూప్లికేషన్ వచ్చింది, అంటే ఆ ముక్క ఎక్కువగా ఉంది. తల్లిదండ్రులు కూడా చేయించుకోవాలన్నారు. అది నాలోనే ఉంది. నలభై ఒక్క ఏళ్లు తెలియకుండా బతికాను. ఫిజిక్స్ చెబుతాను, పెళ్లయింది, ఇల్లు కట్టుకున్నాను. చిన్నప్పుడు నాకూ మాటలు ఆలస్యమేనని మా అమ్మ అప్పుడు గుర్తు చేసుకుంది.

ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఒకటే ఆలోచించాను. ఇదే మాట మా అమ్మకి ఐదో నెలలో చెప్పి ఉంటే, పక్కన కూర్చుని వివరించేవాళ్లు లేకపోతే, ఆమె ఏం చేసేది? ఒకే డూప్లికేషన్ ఒకరికి చదువు కష్టం చేస్తుంది, ఇంకొకరికి ఏమీ చెయ్యదు. పుట్టకముందే ఎవరు ఎలా ఉంటారో రిపోర్టు చెప్పలేదు కదండీ.

ఉప్పల్ అమ్మ:

సార్, మీ మాట గుచ్చుకుంది. ఒకటి చెప్పాలి. నేను పరీక్ష చేయించమన్నది తీసేయించుకోవడానికి కాదు. మా బాబు లేని ఇల్లు నేను ఊహించుకోలేను. నాకు కావలసింది ఆ కాల్షియం ఇంజెక్షన్, సరైన రోజున. కానీ రిపోర్టు ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఎవరు ఏం అంటారో నా చేతిలో ఉండదన్నది నిజం. మా ఇంట్లోనే ఆ మాట వచ్చేది.

కౌన్సెలర్ గారూ, ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో ఇవన్నీ తెలియవా?

జెనెటిక్ కౌన్సెలర్, హైదరాబాద్:

కొంత తెలుస్తుందమ్మా. 22క్యూ ఉన్న బిడ్డల్లో ఎక్కువమందికి గుండె లోపం ఉంటుంది. టిఫాతో పాటు అనుభవమున్నవారితో ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండె స్కాన్, చేయిస్తే చాలా వరకు కనిపిస్తుంది. అలా లోపం కనిపించినప్పుడు ఉమ్మనీటితో మైక్రోఅరే చేయించడంలో నాకు ఏ సందేహమూ లేదు. 2012లో అమెరికాలో 4 వేలమందికి పైగా గర్భిణులపై వచ్చిన అధ్యయనంలో, స్కాన్‌లో లోపం ఉండి మామూలు క్రోమోజోముల పరీక్ష బాగానే ఉన్నవాళ్లలో 6 శాతం మందికి మైక్రోఅరేలో కారణం దొరికింది. అంగిలి లోపాలు మాత్రం స్కాన్‌కి తరచూ చిక్కవు. మీ బాబుకి పాలు ముక్కులోంచి వచ్చాయంటే అది అంగిలి సమస్యే. కాల్షియం సంగతి ఏ స్కానూ చెప్పదు. అందుకే 22క్యూని నేను పూర్తిగా తోసిపుచ్చను.

టైం కూడా చూసుకోవాలి. 12వ వారంలో ఎన్‌ఐపీటీ, 16లో ఉమ్మనీరు, రిపోర్టు వచ్చేసరికి 19. మన చట్టంలో 24 వారాలు దాటాక అబార్షన్ సంగతి మెడికల్ బోర్డే తేల్చాలి. అలాంటి హడావుడిలో ‘మాకు ఏది తెలిసినా సరే’ అని సంతకం పెట్టడం సులువు.

గుంటూరు అమ్మాయి, న్యూజెర్సీ:

22క్యూ ఒక్కటే, అదీ ముందు అరగంట మనిషి కూర్చుని చెబితే, ఫలితాన్నీ మెసేజ్‌లో కాకుండా మనిషే చెబితే, నేనూ చేయించుకునేదాన్నేమో అక్కా. ఐదింటి ప్యానెల్ మాత్రం వద్దనే అంటాను.

ఉప్పల్ అమ్మ:

ఇదంతా మా ఆడపడుచుకి చదివి వినిపించాను. ప్యానెల్ వద్దంది. 22క్యూ సంగతి గురువారం కౌన్సెలర్‌తో మాట్లాడాక చెబుతానంది. నన్నూ రమ్మంది, బాబు ఫైళ్లన్నీ పట్టుకుని.