నిమ్మ ట్రఫుల్స్ ఉండ కట్టడం లేదు

కావలి నుంచి ప్రశ్న:
పొదలకూరులో ఉండే మా పిన్ని సంచెడు నిమ్మకాయలు పంపింది. ఊరగాయ పెట్టినా మిగిలాయి. ట్రఫుల్స్ అనే మెత్తటి చాక్లెట్ ఉండల కోసం 200 గ్రాముల తెల్ల చాక్లెట్, 100 మిల్లీలీటర్ల క్రీము, రెండు కాయల రసం కలిపాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా జారుగానే ఉంది. ఉండ చేయబోతే అరచేతికే అంటుకుంది. మా అబ్బాయి దాన్ని దోసెకు రాసుకుని తింటున్నాడు, అది వేరే సంగతి. ఎక్కడ తప్పాను?

ఒంగోలు నుంచి:
అక్కా, నల్ల చాక్లెట్ కొలతలు దీనికి పనికిరావు. తెల్లదానిలో ముఖ్యంగా ఉండేవి కోకో వెన్న, పాలపొడి, చక్కెర; గట్టిపరిచే కోకో పొడి ఉండదు. మూడు వంతుల చాక్లెట్‌కు ఒక వంతు క్రీము చాలు. రసం అసలు వద్దు. పసుపుపచ్చని పైతొక్కను తురిమి, వేడి క్రీములో పది నిమిషాలు ఉంచండి. సువాసనంతా ఆ తొక్క నూనెదే. కింది తెల్లపొర పడితే చేదు.

నెల్లూరు నుంచి:
పారేయకండమ్మా. మరో 200 గ్రాముల చాక్లెట్ కరిగించి అందులో కలపండి. చేసేది తెల్లవారుజామునే సుమా! కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఎండ సంగతి తెలిసిందే.

కావలి నుంచి:
కుదిరాయి! కొబ్బరిపొడిలో దొర్లించాను. మావాడికి మాత్రం ఆ జారుదే కావాలట.