నాన్నగారి వీలునామాలో నా పేరే లేదు: అన్యాయంగా ఉందన్న కారణంతో కోర్టు దాన్ని కొట్టేస్తుందా?

ప్రశ్న (పెద్ద కుమార్తె):
మా నాన్నగారు కిందటి సంవత్సరం కాలం చేశారు. నెల తిరక్కుండానే మా చిన్న తమ్ముడు ఒక రిజిస్టర్డ్ వీలునామా బయటపెట్టాడు. దాని ప్రకారం ఇల్లూ పొలమూ డిపాజిట్లూ అన్నీ అతనివే. అమ్మకు ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు మాత్రం ఇచ్చారు. నాకూ పెద్ద తమ్ముడికీ ఏమీ లేదు. ఇల్లు నాన్నగారు తన జీతంతో కట్టుకున్నది, పొలం తాతగారి నుంచి వచ్చినది. నాన్నగారికి పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన ఆరు వారాలకు ఈ వీలునామా రాశారు. సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికే పిలిపించి రిజిస్టరు చేయించారట. సాక్షులిద్దరూ తమ్ముడి ఆఫీసులో పనిచేసేవారే. ఇంత ఏకపక్షంగా ఉన్న వీలునామాను కోర్టు ఒప్పుకుంటుందా?

సమాధానం (సివిల్ న్యాయవాది):
అమ్మా, ముందుగా చేదు మాట చెబుతాను. అన్యాయంగా ఉందన్న ఒక్క కారణంతో ఏ వీలునామానూ కోర్టు కొట్టేయదు. హిందువు తన సొంత ఆస్తిని ఎవరికి కావాలంటే వారికి రాసి ఇవ్వవచ్చు. కన్నబిడ్డలను పక్కనపెట్టి పరాయివారికి రాసినా చట్టం అడ్డుచెప్పదు. (ముస్లింల విషయం వేరు. అక్కడ మూడో వంతుకు మించి రాస్తే వారసుల సమ్మతి కావాలి.) కోర్టు చూసేది రెండే విషయాలు: ఆ ఆస్తి ఆయన రాయదగినదేనా, ఆ రాత నిజంగా ఆయనదేనా.

మొదటిది పొలం గురించి. తాతగారి నుంచి వచ్చిన ప్రతి ఆస్తీ పిత్రార్జితం కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ పొలం తాతగారి స్వార్జితమై, ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చిన తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. అలా కాక అది ఉమ్మడి కుటుంబ ఆస్తే అయితే, 30వ సెక్షన్ ప్రకారం ఆయన తన వాటాను మాత్రమే వీలునామా రాయగలరు. 2005 సవరణ తర్వాత కుమార్తెకూ అందులో పుట్టుకతోనే హక్కు ఉంది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో తేలిపోయింది. అందువల్ల మీరు మొదట వెతకవలసింది తాతగారి కాలం నాటి దస్తావేజులను.

రెండోది వీలునామా పుట్టుక. భారతీయ వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆయన సంతకమో గుర్తో పెట్టడం వారిలో ప్రతి ఒక్కరూ చూసి ఉండాలి, లేదా అది తనదేనని ఆయన వారితో స్వయంగా చెప్పి ఉండాలి. ఆ తర్వాత వారు ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. ఆ సాక్షుల్లో ఒక్కరినైనా కోర్టులో విచారించి దాన్ని రుజువు చేసే భారం మీ తమ్ముడిదే. అనుమానాలు ఉంటే వాటిని తొలగించవలసిందీ అతనే. 1959 నాటి వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచి కోర్టులు ఈ మాటే చెబుతున్నాయి. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించడం, రాసినవారి ఆరోగ్యం బాగా లేకపోవడం, కారణం చెప్పకుండా దగ్గరివారిని తప్పించడం అనుమానించదగిన విషయాల కిందికే వస్తాయి. మీరు చెప్పే అన్యాయానికి చట్టంలో చోటు ఇక్కడే ఉంది. రిజిస్టరైతే కొంత బలం వస్తుంది గాని, ఈ అనుమానాలు దానితో తీరిపోవు.

సమాధానం (పన్నెండేళ్లు కోర్టుకు తిరిగిన సభ్యుడు):
వకీలుగారు చెప్పినది నిజమే కాని, అనుభవం మీద ఒక మాట. మా పెద్దమ్మ వీలునామా మీద మేమూ దావా వేశాము. సాక్షుల్లో ఒకరు విచారణ మొదలయ్యేసరికే పోయారు, రెండోవారు "గుర్తులేదు" అన్నారు. చివరకు లోక్ అదాలత్‌లో రాజీపడ్డాము. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి తగాదా నిజంగానే ముగిసింది. అప్పటికి మా అన్నదమ్ముల మధ్య మాటలు కూడా ముగిశాయి. దావా వేసేముందు మీ అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. వీలునామా చెల్లకపోతే ఇల్లు అమ్మకూ ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తుంది. ఆమె ఏ పక్షాన సాక్ష్యం చెబుతారో అన్నదే మీ కేసు.

సమాధానం (మరొక సభ్యుడు):
నాకు వేరే అభిప్రాయం ఉంది. చివరి సంవత్సరాల్లో నాన్నగారిని చూసుకున్నది ఆ చిన్న తమ్ముడేనా? అదే అయితే ఆయన కృతజ్ఞతతో రాసి ఉండవచ్చు. చూసుకున్న బిడ్డకు రాయడం అసహజమేమీ కాదు, కోర్టు కూడా అలాగే అనుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చూసుకున్నది అతనే, అది నేను కాదనను. ఈ రోజు రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి నకలు తెచ్చుకున్నాను. కుడిచేయి పడిపోయింది కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. నాలుగో పేజీలో "నా ఇష్టప్రకారం నా నోటితో చెప్పి రాయించిన వీలునామా" అని ఉంది. నాన్నగారికి జబ్బు చేసినప్పటి నుంచి పోయేదాకా మాట రాలేదు. "ఆ", "ఊ" తప్ప మరేమీ అనలేకపోయేవారు. ఇంకొకటి, మొదటి పేజీలో "నాకు ఇద్దరు కుమారులు" అనే రాశారు, కుమార్తె ఉన్నట్టే లేదు.

సమాధానం (సివిల్ న్యాయవాది):
వేలిముద్ర ఉన్నంత మాత్రాన చెల్లదనడానికి లేదు. కాని మాట రాని మనిషి నోటితో చెప్పాడని రాసిన వాక్యానికి సమాధానం మీ తమ్ముడు చెప్పుకోవాలి. దస్తావేజు లేఖరికి ఆ వివరాలు ఎవరు చెప్పారన్నది అడగవలసిన మొదటి ప్రశ్న. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఆ తర్వాత మాట కోసం వైద్యం చేయించి ఉంటే ఆ కాగితాలు ఇప్పుడే సంపాదించండి, ఆలస్యమయ్యే కొద్దీ అవి దొరకడం కష్టమవుతుంది. నోటీసు అప్పుడే ఇవ్వకండి. ఇవ్వగానే పొలం అమ్మే ప్రయత్నం జరగవచ్చు. భాగపంపకం దావాతో పాటే ఆస్తి అన్యాక్రాంతం చేయకుండా తాత్కాలిక ఉత్తర్వు కోరుతూ అర్జీ వేయడం మేలు. రెవెన్యూ రికార్డులో తమ్ముడి పేరు ఎక్కినా కంగారుపడకండి, ఆ మార్పు వల్ల హక్కు రాదు.

ప్రశ్న అడిగినవారు:
డిశ్చార్జి సమ్మరీ అమ్మ దగ్గర ఉంది. రేపు వెళ్లి అడుగుతాను. ఎందుకు అడుగుతున్నానో కూడా ఆమెకు చెప్పాలి, నాకు అదే కష్టంగా ఉంది.