కన్సోల్ ఆడేవారిలో వైడ్‌స్క్రీన్ టీవీ ఎందరికి ఉందో లెక్కించడం ఎలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థి, బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం తిరుపతిలో వీడియో గేమ్ కన్సోల్ (టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె) ఉన్న ఇళ్లను సర్వే చేయాలనుకుంటున్నాను. ఆ ఇళ్లలో ఎన్నింట వైడ్‌స్క్రీన్, అంటే వెడల్పు తెర టీవీ ఉంది, దాన్ని కన్సోల్ కోసమే కొన్నారా, లేక టీవీ ముందే ఉండి కన్సోల్ తర్వాత వచ్చిందా అన్నది తెలుసుకోవడం నా ఉద్దేశం. ప్రశ్నావళి ఒకటి రాసుకుని ముందుగా తెలిసినవాళ్ల ఇళ్లలో అడిగి చూశాను. చిక్కు అక్కడే మొదలైంది.

కొర్లగుంటలో మా బంధువుల ఇంట్లో 43 అంగుళాల టీవీకి పాత ప్లేస్టేషన్ 2 కన్సోల్ తగిలించి ఉంది. నేను వెళ్లేసరికి కార్ల ఆట నడుస్తోంది. తెర మూలన గుండ్రంగా ఉండవలసిన స్పీడోమీటరు అడ్డంగా సాగి కోలగా కనబడుతోంది, కార్లన్నీ నేలకు అణిగిపోయినట్టు పొట్టిగా ఉన్నాయి. ఆడుతున్న అబ్బాయికి అందులో తేడా ఏమీ తోచలేదు. నా ప్రశ్నావళి ప్రకారం అది వైడ్‌స్క్రీన్ ఉన్న ఇల్లే. అయితే అక్కడ ఆడుతున్నది వైడ్‌స్క్రీన్ కోసం తయారైన చిత్రం కాదని కంటికే తెలుస్తోంది. అటువంటి ఇంటిని ఏ వరుసలో వేయాలి? మా గైడ్ గారు మాత్రం ‘ఉందా, లేదా’ అన్న ఒక్క ప్రశ్న చాలునంటున్నారు. అనుభవం ఉన్న పెద్దలు, ఆటగాళ్లు సలహా ఇవ్వగలరు. ఆ రోజుల్లో ఆటలన్నీ పాత టీవీ ఆకారంలోనే ఎందుకు తయారయ్యాయో కూడా ఎవరైనా చెబితే ప్రాజెక్టు నేపథ్యంలో రాసుకుంటాను.

జవాబు: టీవీ మెకానిక్, గిరింపేట, చిత్తూరు

బాబూ, మీ సందేహం సరైనదే. పిక్చర్ ట్యూబు టీవీల కాలం నుంచి నేను ఈ మరమ్మతు పనిలోనే ఉన్నాను కనుక టీవీ వైపు నుంచి చెప్పగలిగింది చెబుతాను.

పాత టీవీ తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. ఇప్పటి తెరలది 16:9. 4:3 చిత్రాన్ని దాని ఆకారంలోనే 16:9 తెర మీద నిలబెడితే వెడల్పులో ముప్పాతిక భాగమే నిండుతుంది, ఇరుపక్కలా నల్లపట్టీలు వస్తాయి. తెర నిండా చూపమని టీవీకి చెబితే అది చిత్రాన్ని అడ్డంగా మూడో వంతు అదనంగా సాగదీస్తుంది. మీరు చూసింది అదే. ప్లేస్టేషన్ 2తో వచ్చే ఎరుపు, తెలుపు, పసుపు కేబుల్ ద్వారా వెళ్లే సంకేతం చిత్రం ఏ ఆకారంలో ఉందో టీవీకి మామూలుగా చెప్పదు. కాబట్టి టీవీ తనకు పెట్టి ఉన్న సెట్టింగు ప్రకారమే నడుచుకుంటుంది. చాలా ఇళ్లలో ఆ సెట్టింగు ‘ఫుల్’ మీదే ఉండిపోతుంది. రిమోట్‌లో పిక్చర్ సైజు అన్న చోటికి వెళ్లి 4:3 పెడితే చాలు, కానీ ఆ మెనూ ఉన్నదని ఎవరూ చెప్పని ఇళ్లే ఎక్కువ. నా దగ్గరికి ‘బొమ్మ బాగాలేదు’ అని వచ్చేవాళ్లలో కొందరి టీవీలో లోపమే ఉండదు. ఇప్పటి కొన్ని టీవీలలో పసుపు పిన్నుకు వేరే రంధ్రం ఉండదు, కాంపొనెంట్ వీడియోకు (బొమ్మను మూడు తీగల్లో పంపే పద్ధతి) పెట్టిన ఆకుపచ్చ రంధ్రంలోనే గుచ్చాలి. అప్పుడు టీవీ మెనూలో ఏవీ అని ఎంచుకోకుండా కాంపొనెంట్ అని ఎంచుకుంటే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, దానికీ టీవీ పాడైందనుకుంటారు.

మీ సర్వేకు పనికివచ్చే లెక్క మరొకటి ఉంది. 4:3 తెర ఎత్తు దాని మూల కొలతలో (ఒక మూల నుంచి ఎదురు మూలకు తీసే అంగుళాల కొలత) సరిగ్గా అయిదింట మూడు వంతులు, అంటే 29 అంగుళాల పాత టీవీ ఎత్తు సుమారు 17.4 అంగుళాలు. 16:9 తెర ఎత్తు మూల కొలతలో సగానికి కాస్త తక్కువ, కాబట్టి 32 అంగుళాల కొత్త టీవీ ఎత్తు 15.7 అంగుళాలే. 29 అంగుళాల టీవీ తీసేసి 32 కొన్నవాళ్లు అంకె పెరిగిందని సంతోషించి, ఇంటికి వచ్చాక ‘బొమ్మ చిన్నదైందే’ అనడానికి కారణం అదే. అందుకే వాళ్లు సాగదీసి తెర నింపుకుంటారు. 43 అంగుళాల తెరకైతే ఆ ఇబ్బంది లేదు, పక్కన నల్లపట్టీలు ఉంచుకున్నా లోపలి చిత్రం 35 అంగుళాల పాత టీవీతో సమానం. మీ బంధువులకు ఈ మాట చెప్పండి. పాత ఆటల కోసం పాత టీవీ కొనాలని వాళ్లకు ఆలోచన ఉంటే మాత్రం మూత తెరిచి పని చేయడం తెలిసినవాళ్లకే వదలమనండి, ట్యూబు దగ్గర ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ ఆపినా కొంతసేపు నిలిచి ఉంటుంది.

జవాబు: ప్లేస్టేషన్ 2 రోజుల నుంచి ఆడుతున్నవాణ్ణి, తిరుపతి

చిత్తూరు అన్నగారు టీవీ సంగతి విడమరిచి చెప్పారు. నేను కన్సోళ్ల వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే తమ్ముడూ, కన్సోల్ ఏ తరానిదో అడగకుండా మీ సర్వే ముందుకు సాగదు.

ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000 మార్చిలో విడుదలైంది, దాని తయారీ 2013 ఆరంభం వరకు సాగింది. ఇళ్లలోని టీవీ ఆకారం మారిపోయింది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. జపాన్‌లోనూ ఐరోపాలోనూ వెడల్పు తెర ఉన్న పిక్చర్ ట్యూబు టీవీలు 1990ల నుంచే ఇళ్లలోకి వస్తున్నాయి కనుక ఆ కన్సోల్ సెట్టింగుల్లో 16:9 ఎంపిక ఉంది, గ్రాన్ టురిస్మో 4 వంటి ఆటల్లో కూడా ఉంది. మన ఊళ్లలో అటువంటి పిక్చర్ ట్యూబు టీవీ ఉన్న ఇల్లు నాకు తెలిసినంతలో ఒక్కటీ లేదు. ఆట తయారుచేసేవారు ఎక్కువమంది ఇళ్లలో అప్పటికే ఉన్న టీవీని చూసుకునే తయారుచేస్తారు, లేని టీవీ కోసం స్కోరు, మ్యాపు, ప్రాణాల గుర్తు తెర అంచుల్లో సర్దరు. మీరడిగిన ‘ఎందుకు’ అన్నదానికి సమాధానం ఇదే. పైగా అందులో వైడ్‌స్క్రీన్ పెట్టినంత మాత్రాన చిత్రంలో చుక్కలు పెరగవు, వెడల్పు దృశ్యాన్ని నొక్కి అదే సంకేతంలో ఇరికించి పంపితే టీవీ దాన్ని తిరిగి చాపుతుంది. అంటే కన్సోల్ ఇరికించడమూ టీవీ చాపడమూ రెండూ జరగాలి. ఒకటి జరిగి రెండోది జరగకపోతే బొమ్మ చెడుతుంది.

తర్వాతి తరంలో లెక్క తలకిందులైంది. 2005 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360కి మైక్రోసాఫ్ట్ హైడెఫినిషన్ (చుక్కలు ఎక్కువుండే స్పష్టమైన చిత్రం), 16:9 ఆకారాన్నే ప్రమాణంగా పెట్టుకుంది, అయినా తొలి మోడళ్లలో హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం రెండూ ఒకే కేబుల్‌లో పంపే) పోర్టు లేదు, అది 2007లో గానీ రాలేదు. 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3కి ఆ పోర్టు మొదటి నుంచీ ఉంది, కానీ పెట్టెలో ఇచ్చింది మాత్రం పాత మూడు రంగుల కేబులే. అంటే కొత్త టీవీ కొనుక్కున్నవాడు కూడా హెచ్‌డీఎంఐ కేబుల్ విడిగా కొననంతవరకు పాత నాణ్యతే చూశాడు. ఇంకోవైపు పాత టీవీలవాళ్లు కొత్త ఆటలతో అవస్థ పడ్డారు. 2006లో వచ్చిన డెడ్ రైజింగ్ ఆటలో అక్షరాలు పాత తెరల మీద చదవలేనంత చిన్నవిగా ఉన్నాయని ఎన్నో దేశాల ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ తరంలోనే వచ్చిన నింటెండో సంస్థ వీ (Wii) కన్సోల్ హైడెఫినిషన్ జోలికే పోలేదు, 480 అడ్డగీతల చిత్రం దగ్గర ఆగిపోయి కూడా పది కోట్లకు పైగా అమ్ముడైంది. అందరి ఇళ్లలో ఏ టీవీ ఉందో ఆ సంస్థ చక్కగా అంచనా వేసిందని నా అభిప్రాయం.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వీడియో బయటికి వెళ్లే దారి హెచ్‌డీఎంఐ ఒక్కటే. కాబట్టి ఆ కన్సోళ్లు, వాటి తర్వాతివి ఉన్న ఇళ్లలో ‘వైడ్‌స్క్రీన్ ఉందా’ అని అడిగితే దాదాపు అందరూ ఉందనే అంటారు. ఇప్పుడు తిలక్ రోడ్డులో ఏ దుకాణానికి వెళ్లినా 4:3 టీవీ కొనాలన్నా దొరకదు. మన రేణిగుంట పక్కనే ఎల్‌ఈడీ టీవీలు తయారవుతున్నాయి, ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ సంస్థ టీవీ ప్యానెళ్ల కర్మాగారానికి 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. జనమంతా ఒకే జవాబు చెప్పే ప్రశ్న వల్ల తేలేది ఏముంటుందో స్టాటిస్టిక్స్ చదువుతున్న మీకు నేను చెప్పనక్కరలేదు, మీ గైడ్ గారికి గౌరవంగా ఆ మాటే చెప్పండి.

జవాబు: ఉపాధ్యాయిని, మిట్టూరు, చిత్తూరు

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు ఆడతారు, నేను ఆడను, కానీ టీవీ కొన్నది నేనే. ‘మీకు వైడ్‌స్క్రీన్ టీవీ ఉందా’ అని మా పెద్దబ్బాయిని అడిగితే ఉందంటాడు. హాల్లోని 55 అంగుళాల టీవీ మాత్రం సాయంత్రం నుంచి రాత్రి వార్తలు అయ్యేవరకు మా అత్తగారి చేతిలో ఉంటుంది, పిల్లలు ఆడేది లోపలి గదిలోని చిన్న మానిటరు మీద. టీవీ ఎవరిదో, ఏ గదిలో ఉందో, ఏ వేళలో ఆటకు దొరుకుతుందో అడగకుండా ‘ఉంది’ అని రాసుకుంటే మా ఇంటి గురించి మీరు రాసినది తప్పవుతుంది.

ఇంకో మాట. 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, మేము పెద్దది కొన్నది ఆ తర్వాతే. ‘కన్సోల్ కోసం కొన్నారా’ అని అడిగితే కాదనే చెబుతాను, కానీ పిల్లల పోరు అందులో లేదని అనలేను. ఇటువంటి ప్రశ్నకు రెండే గళ్లు పెట్టి టిక్కు పెట్టమనకండి, రెండు వాక్యాలు రాయడానికి చోటు ఇవ్వండి.

మళ్లీ: ఎమ్మెస్సీ విద్యార్థి, బైరాగిపట్టెడ

అందరికీ కృతజ్ఞతలు. మేడమ్ గారి మాట చదివాక ప్రశ్నావళిలో ‘మీకు టీవీ ఉందా’ అన్నది తీసేసి ‘గత వారం మీరు ఏ తెర మీద ఆడారు, అది ఎవరిది’ అని మార్చాను. కన్సోల్ పేరు, కేబుల్ రకం విడివిడిగా అడుగుతాను. సెట్టింగుల గురించి మాత్రం నోటితో అడిగితే సరైన జవాబు రాదని భయంగా ఉంది, చాలామందికి తమ టీవీ ఏ సెట్టింగులో ఉందో తెలియదు. ఇంటికి వెళ్లినప్పుడు నేనే చూసి తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా అన్నా?

జవాబు: టీవీ మెకానిక్, గిరింపేట

ఉంది, చాలా సులువు. మీ వెంట ఒక స్కేలు తీసుకెళ్లండి. ప్లేస్టేషన్ ఆటల్లో ఏ బటన్ నొక్కాలో చెప్పడానికి తెర మీద సున్నా గుర్తు తరచుగా వస్తుంది, అది వచ్చినప్పుడు ఆట ఆపించి దాని అడ్డం, నిలువు కొలవండి. రెండూ సమానమైతే బొమ్మ సరిగ్గా ఉంది. నిలువు మూడు సెంటీమీటర్లు ఉండి అడ్డం నాలుగు వస్తే అది 4:3 చిత్రాన్ని సాగదీసిన తెర. అడ్డమే తక్కువై నిలువు ఎక్కువైతే ఆటలో 16:9 పెట్టి టీవీలో 4:3 ఉంచారన్నమాట, అరుదే గానీ అదీ తగులుతుంది. గుర్తు మరీ చిన్నదైతే కొలత నమ్మకంగా ఉండదు, పెద్దది వచ్చేదాకా ఆగండి, మరీ వంకర గీతలతో వేసిన ఆటలు వద్దు. కొలిచాక సెట్టింగు మార్చి చూపించే ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, మార్చాక రాస్తే మీ లెక్క చెడుతుంది. చిత్తూరు వైపు ఇళ్లు కూడా కలుపుకుంటానంటే చెప్పండి, పిక్చర్ ట్యూబు టీవీ మీద ఇప్పటికీ ఆడుతున్నవాళ్లు నాకు తెలిసి కొందరున్నారు, వాళ్లను అడిగి ఒప్పిస్తాను.