ఫిల్లింగ్ ముక్కకు ముక్క ఊడొచ్చింది: తప్పు సిమెంటుదా, పెట్టిన చేతిదా?

గుంతకల్లు టైలర్:
అందరికీ నమస్కారం. నాకు పై వరుసలో ఎడమ వైపు పన్ను చిగురు దగ్గర గాడి పడినట్టు అరిగిపోయింది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమనేది. ఇక్కడే ఒక క్లినిక్‌లో పంటి రంగు సిమెంట్ పెట్టించుకున్నాను, కాంపోజిట్ అన్నారు. మొన్న జొన్నరొట్టె తింటుంటే బియ్యపు గింజంత ముక్క నోట్లోకి వచ్చింది. ఎక్కడా విరగలేదు, లోపలి వైపు నున్నగా ఉంది. పోయి అడిగితే ‘మీవి ఫ్లోరైడ్ పళ్లు, అంతే’ అన్నారు. బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లమే, మచ్చలున్న మాట నిజమే. కానీ మా ఆవిడదీ అదే ఊరు, అవే మచ్చలు. అనంతపురంలో పెట్టించుకున్న ఆమె ఫిల్లింగ్ ఇన్నేళ్లయినా కదల్లేదు. కనుక్కుంటే రెండు చోట్లా వాడింది ఒకే కంపెనీ సిమెంట్. మరి తేడా ఎక్కడ?

కర్నూలు డెంటిస్ట్:
అన్నా, విరగకుండా నున్నగా ఊడొచ్చిందంటే సిమెంట్‌ను అనుమానించే పని లేదు. అతుకు పట్టలేదు.

కాంపోజిట్ తనంతట తాను పంటికి అంటుకోదు. ముందు నీలం రంగు జెల్ పెడతారు చూడండి, అది సాధారణంగా 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్. పంటి పైనుండే గట్టి పొరను, అంటే ఎనామెల్‌ను, కంటికి కనపడనంత గరుకు చేస్తుంది. 1955లో బ్యూనోకోర్ అనే డెంటిస్ట్ చూపించిన దారి ఇది. ఎనామెల్ మీద అర నిమిషం ఉన్నా ఫర్వాలేదు. దాని కింద ఉండే పొర, డెంటిన్ మీద మాత్రం 15 సెకన్లు దాటితే యాసిడ్ మరీ లోతుకు దిగుతుంది, తర్వాత పూసే బాండ్, అంటే అతికించే ద్రవం, అంత లోతుకు పోలేదు. ఇక కడిగాక ఆరబెట్టడంలోనే అసలు తిరకాసు. ఎనామెల్ సుద్దలా తెల్లబడేదాకా గాలి కొట్టొచ్చు. డెంటిన్‌కు అట్లా కొడితే అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు కూలబడి బాండ్ దూరడానికి సందు మిగలదు. అట్లని నీళ్లు నిలిచి ఉంటే బాండ్ పలచబడుతుంది. సన్నటి తడి మెరుపు ఉండాలి, అంతే.

బాండ్ అద్ది వదిలేసేవాళ్లుంటారు, బ్రష్ కొసతో 20 సెకన్లు అదిమి రుద్దేవాళ్లుంటారు. సీసా ఒకటే, పట్టు వేరు. ల్యాబ్ పరీక్షల్లోనూ రుద్దిందే గట్టిగా పట్టినట్టు చాలాసార్లు తేలింది. ఆపైన మెల్లగా గాలి కొట్టి, అందులోని ఆల్కహాలో అసిటోనో ఎగిరిపోయి, పూసింది కదలకుండా నిలిచాకే దాన్ని గట్టిపరిచే లైటు వేయాలి. బయట జనం కూర్చుని ఉంటే ముందు కోత పడేది ఈ సెకన్లకే.

మీ డాక్టర్ మాట ఉత్త సాకేమీ కాదు. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ పైపొర యాసిడ్‌కు తేలిగ్గా లొంగదు. అరిగి మెరిసే డెంటిన్ కూడా అంతే. బర్‌తో, అంటే డ్రిల్ కొసతో, పైన కొంచెం గీకి, ఎనామెల్ మీద జెల్ కాస్త ఎక్కువసేపు ఉంచితే పట్టు దొరుకుతుంది. పన్ను అట్లాంటిదని తెలిసినప్పుడు పని కూడా దానికి తగ్గట్టు చేయాలి కదా!

కడప అసిస్టెంట్:
సీసాలు చూసుకునేది మేమే కాబట్టి నేనొకటి చెప్తా. కొన్నిచోట్ల పేషెంట్ నోరు తెరవకముందే బాండ్ చుక్క వేసి పెట్టేస్తారు. మే నెలలో మా కడపలో కరెంటు పోయి ఏసీ ఆగిందనుకోండి, అసిటోన్ బాండ్ చూస్తుండగానే జిగురైపోతుంది. అది పూస్తే లోపలికేం దిగుతుంది? మా మేడం యాసిడ్ కడిగి ‘ఇప్పుడు’ అన్నాకే చుక్క వేస్తాను, వెంటనే మూత బిగిస్తాను. లైటు కొసకు పాత కాంపోజిట్ అంటుకుని ఉన్నా వెలుగు తగ్గుతుంది, అది తుడిచేదీ నేనే.

గుంతకల్లు టైలర్:
ఇదంతా పోయి ఎట్లా అడగాలి సార్? సెకన్లు లెక్కపెట్టమంటే కోపం రాదా?

కర్నూలు డెంటిస్ట్:
సెకన్ల ఊసెత్తొద్దు. ‘చిగురు తడి తగలకుండా ఏం చేస్తారు’ అని మాత్రం అడగండి. చిగురు సందులో దారం పెడతామనో, రబ్బరు షీటు వేస్తామనో చెప్తే నిదానంగా పనిచేసే మనిషే. కడిగాక ఉమ్మి తగిలితే పని మళ్లీ మొదటికొస్తుంది. తడి ఆపడం కుదరకపోతే గ్లాస్ అయానమర్ అనే ఇంకో రకం సిమెంట్ పెట్టమనండి. అది పంటితో రసాయనికంగా కలుస్తుంది, తడిని కొంత ఓర్చుకుంటుంది. రంగు మాత్రం కాంపోజిట్ అంత బాగా కలవదు. నవ్వినప్పుడు పెద్దగా కనపడని వెనక పన్నైతే, నేను మీకు అదే పెడతాను. గట్టి బ్రష్‌తో అడ్డంగా తోమే అలవాటుంటే ఈలోగా మెత్తటి బ్రష్‌కు మారండి.