పిల్లల మెదడు గడ్డలపై అవగాహన: బళ్లో ఏం చెప్పాలి, ఎవరిని పంపాలి?

ప్రశ్న (హైస్కూల్ టీచర్, చీపురుపల్లి):
సెప్టెంబర్ పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం. ర్యాలీ, బంగారు రంగు రిబ్బన్లతో సరిపెట్టకుండా, మెదడు గడ్డల గురించి తల్లిదండ్రులకు పనికొచ్చేది చెప్పాలనుకుంటున్నాం. తలనొప్పి అనే పిల్లలు రోజూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందరినీ హడలగొట్టకుండా ఎవరిని పంపాలి? ప్రభుత్వ కార్యక్రమాల్లో దీనికి దారి ఉందా?

జవాబు 1 (పిల్లల వైద్యం, శ్రీకాకుళం):
మాస్టారూ, హడలగొట్టకూడదంటే రోజుల లెక్క చెప్పండి. వాంతులు 2 వారాలు దాటినా, తలనొప్పి 4 వారాలు దాటినా డాక్టరు చూడాలి. దానికి తోడు నడక తూలడం, మెల్లకన్ను, మూర్ఛ, మెడ ఒకవైపు వాలిపోవడం లాంటిది ఇంకొకటి కలిస్తే ఆ గడువు కోసం కూడా ఆగొద్దు. బ్రిటన్‌లో 2011లో మొదలైన హెడ్‌స్మార్ట్ ప్రచారం చేసిందీ ఇదే. లక్షణాలను వయసులవారీగా చిన్న కార్డు మీద అచ్చువేసి పంచారు. జబ్బు తేలడానికి అంతకుముందు 14 వారాలు పట్టేది, 2013కల్లా 7 వారాల లోపుకు దిగింది.

మన దగ్గర ఆలస్యం ఎక్కడంటే, రాత్రంతా పడుకున్నప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. లేవగానే తలపోటు, భళ్లున వాంతి, అది అయ్యాక తేలిక. జ్వరం ఉండదు, విరేచనాలు ఉండవు. పది గంటలకు బళ్లో మామూలుగా ఆడుతుంటాడు. దాంతో పైత్యం అంటారు, బడి ఎగ్గొట్టే సాకు అంటారు. గ్యాస్ మందు, నులిపురుగుల మాత్ర, కళ్లజోడు, వీటి చుట్టూ నెలలు కరిగిపోతాయి. అవి ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చాక తగ్గిందా లేదా అని మళ్లీ చూడకపోవడమే పిల్లాడి కొంప ముంచుతుంది.

జవాబు 2 (బడి ఆరోగ్య కార్యక్రమం, విజయనగరం):
దారి ఉంది, కానీ ఆ పేరుతో లేదు. ఆశాలు ఇంటింటికీ వచ్చి చేసే క్యాన్సర్ సర్వే పెద్దవాళ్లది: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పిల్లలకు 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) ఉంది. దాని 30 జబ్బుల జాబితాలో మెదడు గడ్డ అనే గడి లేదు. మూర్ఛ, చూపు లోపం, కండరాల పట్టు లోపం మాత్రం ఉన్నాయి, ఆ గడుల్లోంచే పైకి పంపించాలి. బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒక్కసారి వస్తుంది. మిగతా రోజులన్నీ టీచరు కన్నే దిక్కు.

జూన్ నోటు పేజీ, ఆగస్టు పేజీ పక్కపక్కన పెట్టి చూడండి, చేతిరాత చెదిరిందా అని. బోర్డు చూసేటప్పుడు ఒక కన్ను మూసుకుంటున్నాడంటే ఒకటి రెండుగా కనిపిస్తూ ఉండొచ్చు. వరండా గచ్చు గీత మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయించండి. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు అది రావాలి.

ఆసుపత్రికి పంపే చీటీ మీద 'తలనొప్పి' అని ఒక్క ముక్క రాస్తే పారాసెటమాల్‌తో తిరిగొస్తారు. ఇలా రాయండి: 'ఆగస్టు 4 నుంచి తలనొప్పి, వారంలో ఐదు ఉదయాలు. ఇప్పటికి 9 వాంతులు. పది రోజులుగా నడక తూలుతోంది.' ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని, వారానికి మళ్లీ అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగం సార్. అంగన్‌వాడీ పిల్లలు నొప్పి అని చెప్పలేరు కదా? స్కాన్ ఏది తీయించాలి?

జవాబు 3 (రేడియాలజీ, శ్రీకాకుళం):
మాడు పూర్తిగా కలవని పసిపిల్లల్లో లోపల ఒత్తిడి పెరిగితే తలే పెరుగుతుంది. సాగని టేపు కనుబొమ్మల పైనుంచి, తల వెనక ఉబ్బు మీదుగా చుట్టి, మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాయాలి. మామూలుగా తల చుట్టుకొలత మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెం.మీ., తర్వాతి మూడు నెలలు 1, ఏడాది దాకా అర సెం.మీ. చొప్పున పెరుగుతుంది. ఒక్క కొలతతో ఏమీ తెలియదు, నెలనెలా పోల్చాలి.

తల ఎక్స్‌రేకి డబ్బు తగలేయొద్దు, గడ్డ అందులో కనిపించదు. సీటీ తొందరగా అవుతుంది, తలలో నీరు చేరితే పట్టేస్తుంది. కానీ పిల్లల్లో చాలా గడ్డలు వెనక భాగంలో, చిన్నమెదడు దగ్గర వస్తాయి. అక్కడ ఎముక నీడ అడ్డుపడి చిన్నవి తప్పిపోతాయి. అనుమానం గట్టిగా ఉంటే ఎంఆర్‌ఐయే. చిన్నపిల్లలకు మత్తు ఇస్తారు కాబట్టి అన్నం, పాలపొడి పాలు 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. పాపం ఆకలికి ఏడుస్తోందని ఒక్క బిస్కెట్ పెట్టినా ఆ రోజు స్కాన్ వాయిదా. కంటి డాక్టరు లోపలి నరం బాగుందన్నా గడ్డ లేదని కాదు, వాంతులు ఆగకపోతే స్కాన్ మానొద్దు.

పిల్లాడు మగతగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా ఈ వరస ఏదీ వద్దు. వెంటనే 108.