కణకవచానికీ కణత్వచానికీ మధ్య వచ్చిన ఖాళీలో ఏముంది?

బెజవాడ బైపీసీ:
ఇంటర్ ఫస్టియర్, బెంజి సర్కిల్ దగ్గర హాస్టల్. ల్యాబ్‌లో రియో మొక్క ఆకు అడుగు పొర ఒలిచి ఉప్పునీళ్లు వేసి చూశాం. కణం లోపలి ఊదారంగు ముద్ద మధ్యకి ముడుచుకుంది, కణకవచం మాత్రం కదల్లేదు. ఆ మధ్య ఖాళీలో ఏముంటుంది? నా రూమ్మేట్ గాలి అంటోంది. అసలు బయట కవచం ఉండగా లోపల త్వచం దేనికి? తేడాల పట్టిక నోట్స్‌లో ఉంది, అది వద్దు.

పాతగుంటూరు మాష్టారు:
గాలి కాదమ్మా, నువ్వు స్లైడు మీద వేసిన ఉప్పునీళ్లే. కవచం సెల్యులోజ్ పోగుల అల్లిక. నీళ్లూ ఉప్పూ రెండూ దాంట్లోంచి దూరిపోతాయి. అడ్డుపడేది త్వచం. లిపిడ్లు, అంటే కొవ్వు పదార్థాలు, రెండు వరసలు, మధ్యమధ్య ప్రోటీన్లు, మొత్తం మందం 7–8 నానోమీటర్లు. నీళ్లను వదులుతుంది, ఉప్పును అంత తేలిగ్గా రానివ్వదు. అందుకే లోపలి నీళ్లు బయటికొచ్చి త్వచం ముడుచుకుంది. మీ మైక్రోస్కోపులో త్వచం కనిపించదు, ఊదారంగు ఎక్కడ ఆగిందో అదే దాని అంచు అనుకోవాలి. 1665లో రాబర్ట్ హుక్ బెరడులో చూసినవి కూడా చచ్చిన కణాల కవచాలే.

కవచం పని తెలియాలంటే మామూలు నీళ్లు తలుచుకో. నీళ్లు లోపలికి తోసుకొస్తుంటే కవచం ఎదురు నొక్కుతుంది, కణం పగలదు. కవచం లేని ఎర్ర రక్తకణాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే పగిలిపోతుంది.

ఈసారి ఆకు ముక్కను ముందు మరిగించి చూడు. త్వచం చెడుతుంది, రంగు నీళ్లలోకి కారిపోతుంది. తర్వాత ఎంత ఉప్పు వేసినా ముడుచుకోదు. కవచాల గళ్లు మాత్రం అలాగే ఉంటాయి. ఈ ఒక్కటీ చూస్తే పట్టిక బట్టీ పట్టక్కర్లేదు.

అరండల్‌పేట అత్తయ్య:
మాష్టారూ, మాగాయ ముక్కల్లో ఉప్పు వేస్తే ఊట దిగేదీ ఇందుకేనా?

పాతగుంటూరు మాష్టారు:
మొదట్లో ఇదేనమ్మా. తర్వాత ఆ ఉప్పుకి కణాలు చచ్చిపోతాయి, త్వచం కాపలా పోతుంది, ఉప్పు ముక్క లోపలిదాకా దిగుతుంది. నమిలితే పంటికి తగిలేది కవచాలు.

మందుల షాపు కుర్రాడు:
పెన్సిలిన్ కూడా ఇక్కడే దెబ్బకొడుతుంది. బ్యాక్టీరియా కవచం పెప్టిడోగ్లైకాన్, దాన్ని సరిగా అల్లుకోనివ్వదు. మన కణాలకు కవచమే లేదు కాబట్టి మనకి ఆ దెబ్బ ఉండదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకీ కవచం లేదు, దాని మీద పెన్సిలిన్ పనిచేయదు.

బెజవాడ బైపీసీ:
థాంక్యూ సార్. రూమ్మేట్ ఒప్పుకుంది. ఉప్పు బదులు పంచదార వాడొచ్చా?

పాతగుంటూరు మాష్టారు:
వాడొచ్చు, చిక్కగా కలుపు. అయ్యాక స్లైడు కడిగిపెట్టు, లేదంటే చీమలు పడతాయి.